అల్లుడి నత్తజీపు

లోకంలో ఎవరైనా బండి కొంటే అది ఎంత జోరుగా పోతుందో చూస్తారు. మేస్త్రిగారి అల్లుడు మాత్రం ఎంత మెల్లగా పోగలదో చూస్తాడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో వేలెత్తి చూపడానికి లేదు. మాట నెమ్మది, పెళ్ళాం గీసిన గీత దాటడు, అత్తగారు పిలిస్తే చెప్పులు కూడా వెతుక్కోకుండా వస్తాడు. కానీ తన జీపు స్టీరింగు పట్టుకున్నాడా, ఇక అంతే. పక్కన నడిచిపోయేవాళ్లు ఆయన్ని దాటిపోతూ కుశల ప్రశ్నలు వేసి, జవాబు కోసం ముందు మలుపులో ఆగి నిలబడాలి.

"అది డ్రైవింగు కాదు, పార్కింగే. కాకపోతే కొంచెం జరుగుతూ ఉంటుంది" అని మేస్త్రిగారు తేల్చేశారు.

మేస్త్రిగారు తేల్చారంటే దానికో విలువుంది. ఆయన ఊరిబడిలో ఐదో తరగతి దాకా చదివి తాపీ పట్టుకున్న మనిషి. ఆసుపత్రి మెట్లు ఆయనవే. సినిమా హాలు వెనక గోడ ఆయనదే. హాలు మూతపడింది గాని గోడ బీటవారలేదు. పెద్ద కాలవ మీద వంతెన, హైస్కూలు ప్రహరీ, పోస్టాఫీసు అరుగు, ఇలా చెప్పుకుంటూ పోతే వినేవాళ్లకు కాళ్లు లాగుతాయి గాని ఆయనకు నోరు నొప్పి పుట్టదు. అన్నిటికన్నా పైన, నిజంగానే పైన, ఊరికి ఉత్తరాన గుట్ట మీద ఉన్న నీళ్ల ట్యాంకు. దారి కూడా లేని ఆ బండల గుట్ట మీదికి ఇసక తట్టల్లో మోయించి, తెల్లవారి మొదలుపెట్టి పొద్దు వాలేలోగా శ్లాబు పోయించిన మొనగాడు. చేతిలో పని ఆగితే సిమెంటు గట్టిపడుతుందని జన్మంతా పరుగు మీద బతికినవాడు. అలాంటి మామకు ఇలాంటి అల్లుడు.

ఇంట్లో ఎవరు కుళాయి తిప్పినా మేస్త్రిగారి గొంతు వినిపిస్తుంది.

"ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలుసా?"

"తెలుసు, కుళాయిలోంచి" అంటుంది భార్య, గిన్నె తోముతూ.

"కుళాయిలోకి?"

"పైపులోంచి."

"పైపులోకి?"

"మీరు శ్లాబు పోసిన ట్యాంకులోంచి. పొద్దు వాలేలోగా. ఇక తోముకోనిస్తారా?"

అల్లుడు ఒక్కడే ఆ ప్రశ్నకు ఎప్పుడూ కొత్తగా విన్నట్టు తల పైకెత్తి, "ఎక్కడినుంచండీ?" అంటాడు. అందుకే ఆయన మీద మేస్త్రిగారికి ఎంత కోపమున్నా పూర్తిగా రాదు.

అల్లుడిది గడియారాల రిపేరు. బజారులో బీరువా అంత కొట్టు. లోపల ఆయన కూర్చుంటే ఇక గాలి కూడా బయటే నిలబడాలి. కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగపట్టి, ఆవగింజంత మరలు తిప్పుతూ ఉంటాడు. జీపు గురించి ఎవరైనా ఎగతాళి చేస్తే ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది.

"సెకన్ల ముల్లు పరిగెత్తడం అందరూ చూస్తారు. గంటల ముల్లు కదలడం ఎప్పుడైనా చూశారా? లోపల పళ్లచక్రాల పనితనమంతా దానిదే. పరిగెత్తించడం ఏముందండీ, తోస్తే పరిగెడుతుంది. మెల్లగా నడిపించడమే కష్టం."

ఇక ఆ జీపు సంగతి. రెండు తలుపుల చిన్న ఆకుపచ్చ జీపు. నాలుగు చక్రాలకూ ఇంజను ఊపు అందే రకం. ఎవరి దొడ్లోనో కోళ్లు గుడ్లు పెట్టుకుంటుంటే, కోళ్లను ఒప్పించి తెచ్చుకున్నాడు. ఊరి బయట పాత రాతి క్వారీలో కొందరు డబ్బున్న కుర్రకారు సెలవు రోజుల్లో బండ్లతో బండలెక్కే పందేలు పెట్టుకుంటారు. అక్కడ ఎవడు ముందు వచ్చాడని కాదు, ఎవడు పడకుండా, ఆగకుండా, బల్లిలా పాకుతూ బండ ఎక్కాడన్నదే లెక్క. అల్లుడు ఒకసారి ఆ వైపు వెళ్లి చూశాడు. ఒక బండి అంగుళం అంగుళంగా బండ మీదికి పాకుతుంటే ఆయనకు కళ్లు చెమర్చాయట. ఇంటికొచ్చి, "నేనూ పందెం కడతాను" అన్నాడు.

"వాళ్ల బండ్లు మన ఇంటికన్నా ఖరీదు" అంది భార్య.

"మనం చవగ్గా చేద్దాం."

"ఎంత చవగ్గా?"

"నువ్వెంత అంటే అంత."

ఆవిడ తండ్రికి తగ్గ కూతురు. ఆలోచించి తీర్పు చెప్పింది. చేతి గడియారాల మీద వచ్చేది ఇంటికి, గోడ గడియారాల మీద వచ్చేది జీపుకి. ఈ రోజుల్లో గోడ గడియారం రిపేరుకు తెచ్చేవాళ్లు ఎంతమంది? ఆ రోజు నుంచీ అల్లుడు ఎవరింటికి వెళ్లినా ముందు గోడ వైపు చూసి, గడియారం ఆగి ఉంటే ఆశగా, నడుస్తుంటే దిగులుగా కూర్చునేవాడు.

పథకమంతా సుద్దముక్కతో గోడ మీద వేశాడు. ఏ గోడ మీద? తమ ఇంటికీ మేస్త్రిగారి ఇంటికీ మధ్యనున్న గోడ మీద. మేస్త్రిగారు సొంత చేత్తో నున్నగా గచ్చు తీసిన గోడ. పొద్దున్నే చేతికర్రతో వచ్చి చూసేసరికి గోడ నిండా చక్రాలు, బాణాలు, బొమ్మలు.

"ఏంటల్లుడూ ఇది?"

"పథకమండీ. ఇది బండి, ఇవి బండలు."

"నా గోడకు ఏం ఖర్మ పట్టింది?"

"ఇంత నున్నటి గోడ ఊళ్లో ఇంకొకటి లేదండి. గీత వంకర పోవట్లేదు."

మేస్త్రిగారు తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, గోడ మీద ఒకసారి చెయ్యి వేసి నిమిరి, "అది సరే" అని వెళ్లిపోయారు.

పథకం గొప్పతనం ఏమిటంటే అందులో కొనేది దాదాపు ఏమీ లేదు. బండలు ఎక్కే బండి టైర్లు మెత్తగా ఉండాలి, బండను కరుచుకోవాలి. దానికి గాలి తగ్గిస్తే చాలు. "గాలి పెట్టించుకుంటే ఖర్చుగాని, తీసేస్తే ఖర్చేముందండీ" అన్నాడు అల్లుడు. ముందు బంపరు బండకు తగలకుండా కోసేశాడు. కోసిన ముక్కతోనే వెనక కొక్కెం చేశాడు. పక్కల రక్షణకు పాత నీళ్ల పైపులు. బండి పొట్ట కింద రాయి గీసుకోకుండా ఒక దళసరి ఇనప రేకు. ఆ రేకు చూసి మేస్త్రిగారు గుర్తుపట్టారు.

"ఇది నా సెంట్రింగు రేకు కదూ? ట్యాంకు శ్లాబు కింద పరిచింది?"

"దొడ్లో తుప్పు పడుతోందండి."

"తుప్పు పట్టినా దాని చరిత్ర దానికుంది. దాన్ని తీసుకెళ్లి నత్త కడుపుకి కడతావా?"

"మీ రేకు మీద ఒక ఊరికి నీళ్లిచ్చే శ్లాబు ఆగింది. నా జీపు ఆగదంటారా?"

మేస్త్రిగారు కర్రతో రేకును ఒకసారి తట్టి వెనక్కి తిరిగారు. ఈ అల్లుడితో వచ్చిన చిక్కే అది. పొగుడుతున్నాడో పని జరుపుకుంటున్నాడో తేలే లోపల పని జరిగిపోతుంది.

అసలు కష్టం గేర్ల దగ్గర వచ్చింది. ఉన్న అన్ని గేర్ల కన్నా కింద ఇంకో గేరు కావాలి, ఇంజను హోరెత్తినా చక్రం మాత్రం ఒళ్లు విరుచుకున్నట్టు తిరగాలి. పాత ఇనుము కొట్లో ఏదో పాత బండి పళ్లచక్రాలు ఏరుకొచ్చి, అరగదీసి, అమర్చి, వెల్డింగు షాపుకు తీసుకెళ్లాడు. వెల్డరు తల పట్టుకుని మేస్త్రిగారింటికి వచ్చాడు. "అందరూ బండి కదలాలని తెస్తారు మేస్త్రిగారూ. మీ అల్లుడుగారు కదలకూడదని తెస్తారు. నేనేం చెయ్యను చెప్పండి?"

పని పూర్తయ్యాక అల్లుడు మొదటిసారి భార్యను బజారుకు తీసుకెళ్లాడు. కూరల కొట్ల దగ్గర ఆవిడ కదులుతున్న జీపులోంచే దిగింది. వంకాయలు బేరమాడింది, టమాటాలు ఏరింది, పక్క కొట్లో జాకెట్టుకు రంగు కలిసే గుడ్డ వెతికించింది, దొరక్క పోట్లాడింది, చివరికి దొరికించుకుంది, తిరిగొచ్చి తలుపు తీసి ఎక్కి కూర్చుంది.

"ఇంటికి పోనివ్వండి."

"అదేంటి, బజారుకు కదా? ఇంకొంచెం ఓపిక పట్టు, వచ్చేశాం."

మర్నాడు ట్రాఫిక్కు కానిస్టేబులు పట్టుకున్నాడు. పట్టుకున్నాడంటే పరిగెత్తలేదు, నడిచి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"రోడ్డు మధ్యలో బండి ఆపారేంటి?"

"ఆపలేదండి, నడుపుతున్నాను."

"ఎవరు చెప్పారు?"

"మీరే చూడండి. మీరు అడగడం మొదలుపెట్టినప్పుడు అరటిపళ్ల బండి దగ్గరున్నాం. ఇప్పుడు చెప్పుల కొట్టు."

కానిస్టేబులు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ తనూ చెప్పుల కొట్టు దాకా వచ్చినట్టు అప్పుడే తెలిసింది. జరిమానా ఏ నేరం కింద రాయాలో తోచక కాసేపు పక్కనే నడిచి, "సరే పోనీ" అన్నాడు. అని, ఆ మాట ఈ బండికి చెల్లదని గ్రహించి, తనే పోయాడు.

ఇదంతా ఒకెత్తు, గ్లాసు ఒకెత్తు.

జీపులో డ్రైవరు ముందు, అద్దం కింద, ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. దాన్ని ఆయన ఒకదాన్లో ఒకటి తిరిగే రెండు ఇత్తడి చట్రాల్లో వేలాడదీశాడు. గోడ గడియారం పెండ్యులం దగ్గర సామాను అది. బండి ఏ పక్కకు ఒరిగినా గ్లాసు మాత్రం నిటారుగానే ఉంటుంది. అందులో అంచు దాకా, ఇక ఒక చుక్క వేస్తే పొర్లేటట్టు నీళ్లు పోస్తాడు. ఒరిగితే ఒలకదు. కుదుపు తగిలితేనే ఒలుకుతుంది. ఒక చుక్క ఒలికిందా, ఇంటికొచ్చి జీపు కింద పడుకుంటాడు. స్ప్రింగులోంచి కమాను పట్టీ ఒకటి తీస్తాడు, రబ్బరు ఒకటి దూరుస్తాడు, మళ్లీ గ్లాసు నింపుతాడు.

క్వారీ కుర్రాళ్లు కూడా ఇది చూసి నవ్వారట. "అంకుల్, పందెంలో బోల్తా పడకుండా చూసుకోవాలి గాని నీళ్లు ఒలక్కుండా ఏంటి?"

"ఎవరి పందెం వాళ్లది బాబూ" అన్నాడట.

ఊళ్లో పేరు పడిపోయింది. నత్త మెకానిక్కు. కొట్టుకు వచ్చినవాళ్లు కూడా, "గడియారం తొందరగా ఇస్తారా, జీపులో తెచ్చిస్తారా?" అని అడగడం మొదలుపెట్టారు. మేస్త్రిగారికి తల కొట్టేసినట్టయ్యేది. పొద్దు వాలేలోగా శ్లాబు పోసినవాడి అల్లుడికి రావలసిన పేరా అది?

అయితే ఆ రోజుల్లో మేస్త్రిగారి మనసు బాగాలేదు. దానికి రెండు కారణాలున్నాయి. ఒకటి అందరికీ తెలుసు, రెండోది ఎవరికీ తెలియదని ఆయన అనుకున్నారు.

అందరికీ తెలిసింది తుంటి. తడి నేల మీద జారి తుంటి విరిగింది. డాక్టరు కోసి, లోపల ఇనప బంతి పెట్టి కుట్టాడు. "పునాది కదిలింది, కడ్డీ వేసి మళ్లీ పోశారు" అని మేస్త్రిగారు చూడ్డానికి వచ్చినవాళ్లకు వివరించేవారు. ఇంట్లో కర్రతో నడవచ్చు. మెట్లు ఎక్కడం దిగడం వద్దు. "కుదుపు మాత్రం అస్సలు తగలకూడదు. తగిలిందా, మళ్లీ నా బల్ల మీదికే" అన్నాడు డాక్టరు. ఆసుపత్రి నుంచి ఆటోలో ఇంటికొచ్చిన ఆ ఒక్క ప్రయాణంలోనే మేస్త్రిగారికి పట్టపగలు చుక్కలు కనిపించాయి. ఆ తర్వాత ఏ బండీ ఎక్కలేదు. అడిగితే, "నాకు ఊళ్లో చూడాల్సింది ఏముంది? అంతా నేను కట్టిందే కదా" అనేవారు.

రెండోది ట్యాంకు. ఊరు పెరిగింది, మైదానంలో కొత్త ట్యాంకు లేచింది. వానలు వెళ్లగానే గుట్ట మీది పాత ట్యాంకు కూల్చేస్తారని, అప్పటిదాకా నీళ్లు దాంట్లోంచేనని పురపాలక సంఘం వాళ్లు చెప్పారు. ఆ మాట విన్నరోజు మేస్త్రిగారు, "కూల్చుకోనీ. నేను కట్టింది కూల్చడానికి వాళ్లకెన్ని సుత్తులు విరుగుతాయో చూద్దాం" అని గట్టిగా నవ్వారు. మర్నాటి నుంచీ తన కుర్చీ వరండాలోంచి వంటింట్లోకి మార్పించారు.

"ఇక్కడేంటండీ, పోపు ఘాటులో?" అంది భార్య.

"గాలి బాగుంది."

వంటింటి కిటికీలోంచి గుట్ట కనిపిస్తుంది. గుట్ట మీద తెల్లగా, అగ్గిపెట్టె అంత, ట్యాంకు కనిపిస్తుంది. భార్య కుర్చీ కింద చాప వేసింది, జారకుండా.

ఆయన దగ్గర పని నేర్చుకుని మేస్త్రులైనవాళ్లు కొందరు వచ్చి, "కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకెళ్తాం మేస్త్రిగారూ, ఒకసారి చూసొద్దురుగాని" అన్నారు. మేస్త్రిగారికి ముఖం ఎర్రబడింది.

"నన్ను నలుగురు మోసుకెళ్లాలా? ఆ ప్రయాణానికి ఇంకా టైముందిలే, అప్పుడు పిలుస్తాను. ఆ గుట్ట నేను ఇసక తట్టతో ఎక్కినవాణ్ణి. మీ భుజాల మీద ఎక్కుతానా?"

వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. అల్లుడు గుమ్మం పక్కన నిలబడి గడియారానికి కీ ఇచ్చుకుంటున్నాడు.  కోళ్ల దగ్గర్నుంచి జీపు వచ్చింది ఆ తర్వాత వారంలోనే గాని, ఆ రెండిటికీ ముడి పెట్టి చూడాలని అప్పుడెవరికీ తోచలేదు.

ఒక పొద్దున్న గోడ మీద కొత్త బొమ్మ కనిపించింది. ఏటవాలుగా ఒక గుట్ట, దాని మీద కొన్ని బండలు. మేస్త్రిగారు చూసి ఊరుకోలేకపోయారు.

"ఇదేం గుట్ట? ఇలాంటి గుట్ట ఎక్కడుంది?"

"మన గుట్టేనండి. పందేనికి ముందు అక్కడ సాధన చేద్దామని. ఊరికే అంచనాగా గీశాను."

"అంచనాగా గీస్తే అంచనాగా పడతావు. పగిలిన బండ దాటాక ఇలా నేరుగా పోతే గోతిలోకే. అక్కడ ఎడమకి తిరగాలి. ఆ తర్వాత పలక రాయి ఉంటుంది, నున్నగా ఉంటుంది, తడిగా ఉంటే దాని మీద కాలు పెట్టకూడదు. ఆ పక్కనుంచి నాగుల్లా రెండు మెలికలు. ఇటివ్వు ఆ సుద్ద."

కర్ర గోడకు ఆనించి, సుద్ద తీసుకుని, మేస్త్రిగారు తన గోడ మీద తనే గుట్టంతా గీశారు. ఏ బండ దగ్గర ఇసక తట్ట దించుకుని అలుపు తీర్చుకునేవారో, ఎక్కడ ఎవడు జారి సిమెంటు బస్తాతో సహా కూర్చున్నాడో, అన్నీ చెప్పారు. అల్లుడు ప్రతి బండ దగ్గరా, "ఎత్తెంతుంటుందండీ? మోకాలెత్తా, నడుమెత్తా?" అని అడిగాడు. కాఫీ చల్లారిపోయిందని కూతురు రెండుసార్లు పిలిచింది. ఇద్దరూ పలకలేదు.

మర్నాటి నుంచి అల్లుడు సెలవు దొరికితే చాలు జీపేసుకుని గుట్టకు పోవడం, సాయంత్రం వచ్చి బండి కింద పడుకోవడం. వంటింటి కిటికీలోంచి మేస్త్రిగారికి గుట్ట మీద ఒక ఆకుపచ్చ చుక్క కనిపించేది. కదులుతోందో లేదో తెలియదు. ఒక పూట చూసి, భోంచేసి, కునుకు తీసి మళ్లీ చూస్తే వేరే చోట ఉండేది.

"నత్త ఎక్కుతోందే" అనేవారు భార్యతో.

"మీరు దాన్నే చూస్తున్నారుగా మరి" అనేది ఆవిడ.

వానలు తగ్గుముఖం పట్టాయి. కూల్చే యంత్రం గుట్ట కిందికి వచ్చిందని కూరలమ్మాయి చెప్పింది. ఆ రోజు మేస్త్రిగారు కుళాయి చప్పుడు విని కూడా ఏమీ అడగలేదు. భార్య పనిగట్టుకుని రెండుసార్లు కుళాయి తిప్పింది. అయినా అడగలేదు.

మర్నాడు పొద్దున్నే అల్లుడు వచ్చాడు.

"మామగారూ, మీ బరువెంతండీ?"

"నా బరువుతో నీకేం పని?"

"జీపులో ఎడమ పక్క బరువు చాలట్లేదండి. ఎగిరి పడుతోంది. పైదాకా పోవాలంటే ఆ పక్క మంచి బరువు కావాలి."

"ఇసక బస్తా వేసుకో."

"వేశానండి. జారిపోతోంది. మనిషైతే గట్టిగా పట్టుకు కూర్చుంటాడు. పైగా ఇసక బస్తాకు దారి తెలీదు."

మేస్త్రిగారు ఆలోచించారు. తనను ఎవరో తీసుకెళ్లడం వేరు. ఇంకొకడి పనికి తాను సాయం పోవడం వేరు. పిల్లనిచ్చిన పాపానికి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

"డాక్టరు వద్దన్నాడు కదయ్యా."

"కుదుపు వద్దన్నారండి. గ్లాసు చూస్తూ ఉండండి. చుక్క ఒలికితే అక్కడే దింపేస్తాను."

"దింపితే ఏం చెయ్యను, గుట్ట మధ్యలో? సరే పద. నీ బరువు కోసం వస్తున్నాను, అర్థమైందా? నాకు పైన పనేం లేదు."

"అయ్యో, తెలుసండి."

జీపు పక్కన ఒక పైపు ముక్కతో చేసిన మెట్టు ఉంది. మేస్త్రిగారి చెడ్డకాలు ఎంత లేస్తుందో సరిగ్గా అంతెత్తులో ఉంది. ఎక్కగానే ఎడమ చేతికి ఒక పిడి తగిలింది. సీటులో కూర్చుంటే మెత్తగా లోపలికి దిగిపోయి, తుంటి దగ్గర మాత్రం పట్టి ఉంచినట్టు ఆగారు. కూతురు గ్లాసు నింపింది, కుళాయి నీళ్లతో, అంచు దాకా.

జీపు బయలుదేరింది. బయలుదేరినట్టు వీధి మొదట్లోకి వచ్చాక తెలిసింది. కానిస్టేబులు దూరం నుంచే చూసి, ఇంకో వీధిలోకి తిరిగిపోయాడు.

గుట్ట మొదట్లో కూల్చే యంత్రం పసుపుపచ్చగా నిలబడి ఉంది. మేస్త్రిగారు దాన్ని చూడనట్టు గ్లాసు వైపు చూశారు. అల్లుడు చక్రాల్లో గాలి సగానికి పైగా తీసేసి, ఆ అన్నిటికన్నా కింది గేరు వేశాడు. ఇంజను లోపల ఎవరో గొణుక్కుంటున్నట్టు మోగింది. ముందు చక్రం మొదటి బండను మెత్తగా కౌగిలించుకుంది, కాసేపు ఆలోచించింది, ఎక్కింది. జీపు ఒక పక్కకు ఒరిగింది. ఇత్తడి చట్రాలు తిరిగాయి. గ్లాసు నిటారుగా ఉంది. అంచున నీళ్లు వణికాయి, పొర్లలేదు. మేస్త్రిగారు తుంటిలో నొప్పి కోసం వెతుక్కున్నారు. దొరకలేదు.

"పగిలిన బండ వస్తోంది. ఎడమకి."

"ఎడమకేనండి."

"పలక రాయి మీదికి పోకు. పక్కనుంచి."

"పక్కనుంచేనండి."

ఒక చక్రం గాల్లోకి లేచింది, నెమ్మదిగా దిగింది. పొట్ట కింద సెంట్రింగు రేకు బండ మీద కిర్రున రాసుకుంది. ఆ చప్పుడు మేస్త్రిగారికి పాత పనివాడు గొంతు సవరించుకున్నట్టు వినిపించింది. రెండో మెలిక దగ్గర అల్లుడు ఉత్సాహంగా నోరు జారాడు.

"ఇదిగో, డాక్టరుగారు ఎక్కినప్పుడు ఇక్కడే ఒలికిందండి. అందుకే వెనక కమాను పట్టీలు ఇంకో రెండు తీసేశాను."

జీపు ఒక అంగుళం పాకింది.

"డాక్టరుకి నీ జీపులో ఏం పని?" అన్నారు మేస్త్రిగారు.

అల్లుడు స్టీరింగు వైపు చూశాడు.

"ఆయన గోడ గడియారం ఆగిపోయిందండి."

"గోడ గడియారం బాగుచేయించుకోవడానికి గుట్టెక్కాడా?"

"ఆ... బరువుకండి."

"ఆయన గాలొస్తే ఎగిరిపోయే మనిషి. ఆయన బరువేంటి నీకు?"

 మేస్త్రిగారు మొదటిసారి జీపును మేస్త్రి కళ్లతో చూశారు. అంతా తుక్కు. తలుపుకు గొళ్లెం బదులు కట్టుతీగ. అద్దానికి అతుకు. అల్లుడు కూర్చున్నది చెక్క పలక, దాని మీద మడిచిన గోనె. పథకంలో మెత్తనిదంటూ ఉంటే తన కింది సీటొక్కటే. కొత్తదంటూ ఉంటే అదొక్కటే. ఎన్ని గోడ గడియారాలు ఆగిపోతే ఆ సీటు వచ్చి ఉంటుందో. అప్పుడు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఈ అల్లుడే ఒకప్పుడు స్కూటరు మీద తనను వెనక కూర్చోబెట్టుకుని, సినిమా మొదలయ్యే టైముకు బజారంతా రెండు మలుపుల్లో దాటించేవాడు. అప్పుడు "కాస్త మెల్లగా పోనీవయ్యా" అని వీపు మీద కొట్టింది తనే.

మేస్త్రిగారు పిడి మీద పట్టు కొంచెం బిగించి, "ఈ బండ మోకాలెత్తు. చూసుకో" అన్నారు.

పైకి చేరారు. అగ్గిపెట్టె అంత కనిపించే ట్యాంకు ఇప్పుడు ఆకాశానికి అడ్డంగా నిలబడి ఉంది. జీపు దాని గోడకు జానెడు దూరంలో, మేస్త్రిగారి పక్కగా ఆగింది. దిగక్కర్లేకుండా చెయ్యి చాపితే అందింది. మేస్త్రిగారు అరచెయ్యి ఆనించారు. ఎండకు వెచ్చగా ఉంది. వేలి కణుపుతో కొట్టి చూశారు. లోపల నీళ్లు బరువుగా పలికాయి.

"ఎక్కడినుంచి పోశారండీ శ్లాబు, మొదట?" అన్నాడు అల్లుడు, అసలేం తెలియనట్టు.

"అదిగో, ఆ మూల నుంచి. తెల్లవారి మొదలుపెట్టాం."

"ఎప్పటికైందండీ?"

మేస్త్రిగారు చెప్పారు. మొదటి తట్ట ఎవరు అందించిందీ, మధ్యలో మబ్బు పడితే అందరూ ఎలా పైకి చూసిందీ, ఎవడు పాట అందుకున్నదీ, ఆఖరి తట్ట తనే ఎలా పోసిందీ, ఏదీ వదలకుండా చెప్పారు. ఆయన జీవితంలో ఆ కథ అంత నెమ్మదిగా చెప్పడం అదే మొదటిసారి. అల్లుడు అన్ని చోట్లా సరిగ్గా ఆశ్చర్యపడ్డాడు.

చివరికి అల్లుడు గ్లాసు వైపు చూసి చేతులు దులుపుకున్నాడు. "చుక్క కూడా ఒలకలేదండి. పరీక్ష అయిపోయినట్టే. ఇక జీపు విప్పేసి అమ్మేద్దామంటోంది మీ అమ్మాయి. రాయి అడ్డం పెట్టొస్తాను ఉండండి, చక్రానికి."

ఆయన దిగి అటు తిరిగాడు. మేస్త్రిగారు గ్లాసు వైపు చూశారు. అంచు దాకా నీళ్లు, అందులో ట్యాంకు నీడ. ఆయన బొటనవేలు మెల్లగా ముందుకు పోయి గ్లాసు అంచును ఒకసారి నొక్కింది.

"అల్లుడూ, ఇలా రా. ఒలికింది."

అల్లుడు వచ్చి చూశాడు. అద్దం కింద తడి, మామగారి బొటనవేలి మీద తడి. రెండూ చూశాడు.

"అవునండీ, ఒలికింది" అన్నాడు గంభీరంగా. "నేనే చూసుకోలేదు. మళ్లీ చెయ్యాలి."

"మళ్లీ చెయ్యాలి మరి. పనంటే పనే. సగంలో వదిలేస్తే ఎలా?"

"రేపు మీకు తీరికుంటుందా, బరువుకు?"

"ఉన్నా లేకపోయినా తప్పుతుందా?" అని మేస్త్రిగారు మిగిలిన నీళ్లు గటగటా తాగేశారు. "పద. దిగేటప్పుడు ఇంకొంచెం మెల్లగా పోనీ. పరిగెత్తిస్తున్నావు."

ఇంటికొచ్చాక భార్య కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు పట్టింది. "ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలుసా?" అన్నారు మేస్త్రిగారు. వంటింట్లో కూతురు నవ్వడం వినిపించింది.

"పరీక్ష ఏమైంది?" అంది భార్య.

"తప్పాడు. ఒక చుక్క ఒలికింది. రేపు మళ్లీ వెళ్లాలి."

"పాపం, ఎన్నిసార్లు తప్పుతాడో."

"ట్యాంకు కూల్చేదాకా తప్పేట్టే ఉన్నాడు."

"కూల్చాక?"

మేస్త్రిగారు తువ్వాలుతో కాళ్లు తుడుచుకుంటూ గోడ వైపు చూశారు. సుద్ద గీతలు ఇంకా ఉన్నాయి.

"కూల్చాక బండలుంటాయిగా. క్వారీలో ఏదో పందెం ఉందట కదా, ఎడమ పక్క బరువు లేకుండా వాడొక్కడే ఎలా పోతాడు?"